సూసినవా, అనుకున్నవా

మొన్న నిజామాబాద్ బస్టాండు పక్కన మిరపకాయ బజ్జీలు తింటుంటే, పొట్లం కట్టిన కాగితానికి రెండంచులా వరుసగా చిన్న చిన్న రంధ్రాలు కనిపించాయి. పాతకాలం కంప్యూటర్ ప్రింటర్ కాగితం. నూనె మరకల కింద అంకెలు, ఆ అంకెల కింద మళ్లీ అంకెలు. ఇక్కడ నా గుండె ఒక్క క్షణం ఆగిందని రాయాలి. ఆగలేదు. బజ్జీ వేడికి నాలుక కాలింది, అంతే. అయినా కాగితం సాపు చేసి, ఎండకు పట్టి చదివాను. అది అక్క నడిపిన ప్రోగ్రాం తాలూకు కాగితమే అయితే ఈ వ్యాసానికి ఎంత బాగుండేదో. కాదు. ఏ ఊరిదో కరెంటు మీటర్ల జాబితా.

కానీ చేతులు కడుక్కుంటుంటే ఎవరో పక్కనుంచి అడిగినట్టే అనిపించింది.

"సూసినవా, అనుకున్నవా?"

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. ఎమ్మెస్సీలో నా క్లాస్‌మేట్. నాకంటే నాలుగేళ్లు పెద్దది కాబట్టి మొదటి రోజే అక్క అయింది, అలాగే ఉండిపోయింది. ఇలాంటి వ్యాసాలు మనిషి పోయాక రాస్తారని నాకు తెలుసు. ఆమె పోలేదు. వేరే జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తోంది, బాగానే ఉంది. పేరు రాయొద్దని కూడా అనలేదు. రాస్తే మాత్రం ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో పై ప్రశ్న వేసి తిప్పి పంపుతుందని నా భయం.

తొంభైల చివర మా టౌన్‌లో ఒక పీజీ కాలేజీ వాళ్లు ఫిజిక్స్‌నీ కంప్యూటర్లనీ కలిపి రెండేళ్ల ఎమ్మెస్సీ పెట్టారు. ఎనిమిది మందిమి చేరాం. ఫిజిక్స్ వాళ్లు మమ్మల్ని కంప్యూటర్ పిల్లలనుకునేవారు, కంప్యూటర్ వాళ్లు ఫిజిక్స్ పిల్లలనుకునేవారు. పెళ్లిళ్లలో చుట్టాలు మాత్రం ఏ అనుమానమూ లేకుండా "అయితే టీవీ రిపేర్ వస్తదా" అని అడిగేవారు. వేరేచోట సీటు రాని వాళ్లం ఆరుగురం, ఎందుకొచ్చాడో తెలియని వాడొకడు. కావాలని వచ్చింది అక్క ఒక్కతే. బోధన్‌లో మూడేళ్లు స్కూలు టీచరుగా చేసి, ఆ ఉద్యోగం వదులుకుని వచ్చింది. వాళ్ల అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుడుతుంది. బాపు, అంటే నాన్న, ఒక చిన్న చక్కెర మిల్లులో పనిచేస్తాడు. ఆ ఇంట్లో ఉద్యోగం మానేసి మళ్లీ కాలేజీకి పోవడమంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. నేను మానేయడానికి ఏ ఉద్యోగమూ లేదు.

మొదటి రోజు ఆమె క్లాసుకి అరగంట ఆలస్యంగా వచ్చింది. జడలో పెన్సిల్ గుచ్చుకుని, సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"బస్సు లేటు సార్."

"బోధన్ వాళ్లంతా ఇదే చెప్తారమ్మా. రోజూ లేటే."

"రోజూ ఎంత లేటో చెప్పమంటారా సార్?"

సార్ నవ్వి ఊరుకున్నారు. ఆమె ఊరుకోలేదు. ఆ రోజునుంచి బోధన్–నిజామాబాద్ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో గ్రాఫు కాగితం మీద రోజుకొక చుక్క పెట్టింది. రెండేళ్లు పెట్టింది. చెరుకు బండ్లు రోడ్డెక్కే నెలల్లో చుక్కలు పైకి పోయేవి, ఎండాకాలంలో కిందికి దిగేవి. ఆఖరికి కండక్టరే వచ్చి అడిగేవాడట.

"ఇయ్యాల మనది ఎంత లేటమ్మా?"

"పద్నాలుగు నిమిషాలు."

"నిన్నటి కంటె నయమే గదా?"

"నయమే. గాని పోయిన సోమవారం కంటె ఖరాబు."

డిపో మేనేజర్ మాటకు బెదరని ఆ కండక్టరు, అక్క గ్రాఫు కాగితం తీస్తే మాత్రం డ్రైవర్ దగ్గరికి పోయి ఏదో గొణిగేవాడని చెప్పింది. ఇది నేను చూడలేదు. ఆమె చెప్పింది. ఇలా రాయడం కూడా ఆమె నేర్పిందే.

క్యాంటీన్‌లో సమోసాలు అయిపోయాయని ఒకసారి నేనన్నాను.

"సూసినవా, అనుకున్నవా?"

"అనుకున్న."

"పో తమ్మీ, సూసి రా."

పోయి చూస్తే ఆరున్నాయి. ఆ తర్వాత రెండేళ్లు నాకు సమోసాల కరువు రాలేదు. సైన్స్ నా జీవితానికి చేసిన మేలు ఏమిటని ఎవరైనా అడిగితే మొదట ఇదే చెప్తాను.

ఈ ప్రశ్నను ఆమె ఎవరినైనా అడిగేది. లెక్చరర్లను అడిగింది, ఫీజు కట్టించుకునే క్లర్కును అడిగింది. వాళ్ల చర్చి పాస్టరుగారిని కూడా అడిగిందట, ఆదివారం ఆరాధన అయ్యాక, ఎంతో మర్యాదగా. ఆయన నవ్వి, "చూడలేదు, అనుకోలేదు బిడ్డా. నమ్మిన" అన్నారట. అక్క రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు ల్యాబులో నాతో అంది: "అది వేరే కాలమ్ తమ్మీ. ఈ రెండిట్ల కలపొద్దు." అప్పటినుంచి ఆమె ప్రపంచానికి మూడు కాలమ్‌లు. నాకు మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒక్కటే, అందులో అన్నీ కలిసే ఉంటాయి.

ఇంకోసారి, అవ్వ నిమిషానికి ఎన్ని బీడీలు చుడుతుందో లెక్కపెడదామని గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చుందట. అవ్వ చేయి ఆగిపోయింది. "నా చెయ్యి దిక్కు సూడకే. సూస్తె బీడీ వంకరైతది" అందట. సోమవారం క్వాంటం మెకానిక్స్ క్లాసులో, కొలిస్తే కొలిచే వస్తువే మారిపోతుందన్న పాఠం వచ్చినప్పుడు, అక్క చేయెత్తి ఈ బీడీల సంగతి చెప్పింది. సార్ చాక్‌పీసు కింద పెట్టారు. "అంత సరిగ్గా కాదు, కానీ పుస్తకంలో దానికంటే నయం" అన్నారు. పరీక్షలో నేను బీడీలే రాశాను. మార్కులు పడ్డాయి.

మా కంప్యూటర్ గదికి ఏసీ ఉండేది. అది మా కోసం కాదు, వాటి కోసం. చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టు లోపలికి పోయేవాళ్లం. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. ఆ ప్రింటరు చప్పుడుకు పక్క బిల్డింగులో పావురాలు లేచేవి. అక్క ఆ చప్పుడు విని ఫలితం చెప్పేది. లెక్క ఒక హద్దు దాటిందంటే మా ప్రోగ్రాం అంకెలకు బదులు చుక్కల గుర్తులు వరుసగా కొట్టేది, ఆ చప్పుడు వేరుగా ఉంటుంది. గది బయట చెప్పులు వేసుకుంటూనే "చుక్కలొస్తున్నయ్ తమ్మీ, బంద్ చెయ్" అని అరిచేది. లోపలికి వెళ్లి చూస్తే చుక్కలే. ఇది మాత్రం నేను చూశాను, విన్నాను, పావురాలే సాక్ష్యం.

రెండో ఏడాది ప్రాజెక్టుకి ఇద్దరిద్దరిని జత చేశారు. ఎవరూ నన్ను కోరుకోలేదు, అక్కను కోరుకునే ధైర్యం ఎవరికీ లేదు. అలా ఇద్దరం మిగిలాం.

విషయం ఆమె ఎప్పుడో తేల్చుకుంది. చక్కెర పలుకు పెరగడం. వాళ్ల బాపు చేసేది అదే పని. రెంజల్ దిక్కున ఉన్న ఆ మిల్లులో రెండంతస్తుల ఎత్తున ఒక ఇనుప పాత్ర ఉంటుంది, దాన్ని పాన్ అంటారు. లోపలి గాలి తీసేసి, తక్కువ వేడి మీద చెరుకు రసాన్ని ఉడికిస్తారు. చిక్కబడ్డాక కాస్త చక్కెర పొడి వేస్తే, ఒక్కో నలుసు చుట్టూ పలుకు పెరుగుతుంది. వేడి పెరిగితే పెరిగిన పలుకు కరుగుతుంది. వేడి తగ్గితే వద్దన్నచోట కొత్త పలుకు పుట్టి అంతా ఖరాబవుతుంది. ఈ రెంటి మధ్య మూడు గంటలపాటు దాన్ని నిలబెట్టేవాణ్ని పాన్‌మన్ అంటారు. ఒక చెయ్యి ఆవిరి వాల్వు మీద, రెండో చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాకం. వేళ్లు విడదీస్తే తీగ ఎంత సాగింది, ఎక్కడ తెగింది, దాన్నిబట్టి వాల్వు తిప్పుతాడు. అక్క బాపు ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్నాడు. అయిదో తరగతి చదివాడు.

పలుకు పెరిగే తీరును కంప్యూటర్‌లో నడిపించాలన్నది ప్రాజెక్టు. ఫిజిక్స్ సూత్రాలు పుస్తకంలో ఉన్నాయి. ప్రోగ్రాం అక్క రాసింది. పాన్ లోపల ఏ టైముకు ఎంత వేడి ఉందో, పలుకు ఎంత సైజుందో మిల్లు రిజిస్టరులో అరగంటకోసారి రాసి ఉంటుంది. అది రాసేది పాన్‌మనే. పాన్ ఒకసారి ఎక్కించి దించితే ఒక ఉడుకు. పదిహేడు ఉడుకుల లెక్కలు జిరాక్స్ తీయించి తెచ్చింది. వాటిని కంప్యూటర్‌లోకి కొట్టే పని నాది.

గ్రాఫు వచ్చిన రోజు మా కాలేజీలో పండగ. రిజిస్టరులోని చుక్కలు, మా ప్రోగ్రాం గీత, రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. సార్ ఆ కాగితాన్ని ప్రిన్సిపాల్‌కు చూపించారు. ప్రిన్సిపాల్ అటెండరుకు చూపించారు. అటెండరు "మంచిగున్నది సార్" అన్నాడు. అలా అన్ని స్థాయిల్లోనూ మా ఫలితం ఆమోదం పొందింది.

అక్క ఒక్కతే నవ్వలేదు. గ్రాఫును కళ్ల దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"తమ్మీ, ఈ అంకెలు సూసి కొట్టినవా, అనుకొని కొట్టినవా?"

ఇక దాచి లాభం లేదు. "మూడు ఉడుకులు చూసి కొట్టిన అక్కా. నాలుగోది కూడ అవే అంకెలు. అయిదోదీ అవే. ఇగ కాపీ చేసుకుంట పోయిన."

తిట్టలేదు. జిరాక్సులు ముందేసుకుంది. అరవై ఎనిమిది, అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్బై. తర్వాతి పేజీ. అరవై ఎనిమిది, అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్బై. పదిహేడు పేజీలూ అంతే. ఒకే ఇంకు, ఒకే చేయి. నా కాపీలో ఒక్క తప్పూ లేదు. నా బద్ధకం ఒక శాస్త్రీయ పద్ధతిగా పనికొచ్చింది అప్పుడొక్కసారే.

"ఉడికే పాకం పదిహేడు సార్లు ఒక్క తీరు ఉంటదా?" అంది.

"ఉండదు. కానీ అక్కా, గ్రాఫు ఇంత ముద్దుగ ఉంది. సార్ ఖుషీ, ప్రిన్సిపాల్ ఖుషీ. ఇరవై రోజుల్ల సబ్మిషన్. మిల్లు వారంల బంద్ అయితది, మళ్లీ చెరుకు వచ్చేది ఏడాది ఆఖరుకే. ఇప్పుడు దీన్ని తవ్వితే నీకు నాకు ఏడాది పోతది."

"పోతది," అంది అక్క. "రాసింది మా బాపు." ఏడాది పోవడం కంటే ఆ రెండో మాట బరువైనదని నాకు అర్థమయ్యేసరికి ఆమె చెప్పులు వేసుకుని బస్టాండు దారిలో ఉంది.

నేనూ వెనకే పోయాను. బస్సు తొమ్మిది నిమిషాలు లేటు. ఆ రోజు కూడా చుక్క పెట్టింది.

వాళ్లింట్లో బాపు అప్పుడే డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. సన్నటి మనిషి. వేళ్ల కొసలు మాత్రం కాలి కాలి నున్నగా, గాజు ముక్కల్లా మెరుస్తుంటాయి. అవ్వ గోడ వారగా చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. అక్క జిరాక్సులు ఆయన ముందు పరిచింది.

"బాపు, ఇవి సూసి రాసినవా, అనుకొని రాసినవా?"

అవ్వ చేయి ఆగింది. నా జీవితంలో నోట్లోంచి ఒక్క జోకు రాని నిమిషం అదే అనుకుంటా.

"డ్యూటీ అయిపోయినంక రాస్తం బిడ్డా," అన్నాడు ఆయన. "అందరం గట్లనే రాస్తం. ఒక చెయ్యి వాల్వు మీద, ఒక చెయ్యి పాకంల. రాసెటానికి మూడో చెయ్యి ఏడికెల్లి తేవాలె? సూపర్‌వైజర్‌కు గీ అంకెలుంటె ముద్దు. గవే రాస్తం. చక్కెర మంచిగ దిగుతున్నదా లేదా? ముప్పై ఏండ్ల సంది ఒక్క పాన్ ఖరాబ్ చేసిననా?"

"చెయ్యలే బాపు. గాని ఇవి పెట్టి నేను పరీక్ష పాసైతె, అది నీ చెయ్యి చేసిన పని గాదు. రిజిస్టర్ చేసిన పని."

ఆయన ఒక కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవి అబద్ధమని రాస్తవా అండ్ల?"

"డ్యూటీ అయినంక యాదిమీద రాసినయ్ అని రాస్త."

"ఎవలు రాసిండ్రని రాస్తవ్?"

అక్క పరిచిన జిరాక్సులు ఏరి ఒక్క దొంతి చేసింది.

"మిల్లు పేరు రాయకు. తోటి పాన్‌మన్‌ల పేర్లు రాయకు, వాళ్లకు రావద్దు," అన్నాడు బాపు. "రాసింది నేను. నా పేరే రాయి." కండువా భుజాన వేసుకుని లేచాడు. "రేపు పొద్దుగాల ఎనిమిదింటికి పాన్ ఎక్కిస్తం. వచ్చి నువ్వే సూసి రాసుకో. ఈ పిలగాన్ని గూడ తీస్కరా, గడియారం పట్టుకుంటడు."

ఆయన బయటికి పోయాక అవ్వ ఆకు కత్తిరిస్తూ నాతో అంది: "ఇద్దరు ఒక్క తీరే. నడుమ నేను సచ్చిన." మళ్లీ చేయి ఆడింది.

రెండు రోజులు పాన్ దగ్గర ఉన్నాం. సూపర్‌వైజర్ మొదట "ఆడపిల్లకు ఇక్కడ ఏం పని" అన్నాడు. "సూసే పని సార్" అంది అక్క. ఆమె ఇనుప మెట్ల మీద థర్మామీటర్ ఎదురుగా నిలబడింది. రెండు నిమిషాలకోసారి నేను "టైమ్" అనేవాణ్ని, ఆమె అంకె రాసేది. పావుగంటకోసారి బాపు గాజు పలక మీద పాకం తీసి ఇచ్చేవాడు, నేను దాని మీద నంబరు రాసి దాచేవాణ్ని, తర్వాత మైక్రోస్కోపు కింద పలుకు సైజు కొలవడానికి. ఆవిరి, తీపి వాసన, చెవులు పగిలే మోత. బాపు మాట్లాడడు. వేళ్లు కలుపుతాడు, విడదీస్తాడు, వాల్వు తిప్పుతాడు. అక్క తల ఎత్తదు. పది గంటలకు చాయ్ వచ్చింది, బాపూ నేనూ మెట్ల కింద నిలబడి తాగాం. అక్క చాయ్ కడ్డీ మీద చల్లారిపోయింది.

కొత్త అంకెలతో వచ్చిన గ్రాఫు చాలా వికారంగా ఉంది. కోడి కెలికిన ముగ్గులాగ. అయినా మా ప్రోగ్రాం గీత ఆ వంకర్లన్నిటి వెంబడీ పోయింది, మైక్రోస్కోపు కింద కొలిచిన పలుకుల సైజులకు దగ్గరగా వచ్చింది. కానీ రెండు రోజుల గ్రాఫుల్లోనూ ఒక గుంట ఉంది. వేడి ఉన్నట్టుండి పడిపోయి, పది పన్నెండు నిమిషాల్లో మళ్లీ ఎక్కింది. మొదటి రోజు అది ఉడుకు మొదలైన రెండు గంటలకు వచ్చింది. రెండో రోజు చెరుకు బండ్లు ఆలస్యమై పాన్ గంట లేటుగా ఎక్కింది, ఆ రోజు గుంట గంటకే వచ్చింది. అక్క పుస్తకాలన్నీ తిరగేసింది. ఏ సూత్రమూ చెప్పలేదు.

"వాక్యూమ్ పంపులో హెచ్చుతగ్గులని రాసెయ్యమ్మా. అందరూ అదే రాస్తారు" అన్నారు సార్.

"పంపు నేను చూడలేదు సార్."

థీసిస్ నలభై ఒకటో పేజీలో, ఆ గుంట కింద, "కారణం తెలియలేదు" అని ఇంగ్లీషులో రాసింది. ముందు పేజీలో రిజిస్టరు గురించి ఒక పేరా. రాసింది ఎవరో పేరుతో సహా. టైపు చేసింది నేనే. ఆ పేరు దగ్గర వేలు ఆగిందని రాయొచ్చు. ఆగింది కూడా. ఆ మీట సరిగ్గా పనిచేసేది కాదు.

వైవాకి హైదరాబాద్‌నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చారు. మాట మెత్తన, కళ్లద్దాలు మందం. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయారు.

"తెలియలేదు అంటే?"

"చూశాను సార్. రెండు రోజులూ వచ్చింది. ఎందుకో తెలియదు."

"ఏదో ఒకటి అనుకుని ఉంటావు కదా?"

"అనుకున్నవి మూడున్నాయి సార్. రాయలేదు."

మా సార్ నుదురు తుడుచుకున్నారు. ప్రొఫెసర్ పేజీ వెనక్కి తిప్పారు. "ఈ రిజిస్టరు రాసినాయన, ఇది మీ ఇంటిపేరే. చుట్టమా?"

"మా బాపు సార్."

"అంటే మీ నాన్నగారు తప్పుడు లెక్కలు రాశారని థీసిస్‌లో పెట్టావు."

"తప్పుడువి కావు సార్. రిజిస్టరులో ఉన్నది ఆయన చేయాలనుకున్నది. గ్రాఫులో ఉన్నది ఆయన చేసింది. చేసింది ఎక్కువ బాగుంది సార్, అందుకే అది పెట్టాను."

ఆయన ఆ పేజీ అంచు మడిచి పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఇందులో నీ పనేమిటి?"

"ఒకే అంకెల్ని పద్నాలుగు సార్లు కాపీ కొట్టాను సార్. కొట్టకపోతే ఈ సంగతి దొరికేదే కాదు."

ఆయన నవ్వారు. మా సార్ నవ్వలేదు. అక్కకు ఆ ఏడాది అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నాకు వచ్చినవి ఎక్కువగా ఆమె పక్కన నిలబడ్డందుకు. ఆమెకు చేతులు జోడించి ఆయన వెళ్లిపోయారని రాస్తే బాగుంటుంది కానీ, బస్సు టైమ్ అయిందని భోజనం మధ్యలో లేచి వెళ్లారు. వెళుతూ గుమ్మంలో మా సార్‌తో అన్నది నేను విన్నాను: "తెలియదు అని రాసిన పిల్లను ఈ ఏడాది ఇక్కడే చూశాను." ఆ మాట మా సార్ తర్వాత ఎంతమందికి చెప్పుకున్నారో నేను లెక్కపెట్టలేదు. అక్క అయితే చుక్కలు పెట్టేది.

బైండు చేసిన థీసిస్ తీసుకుని ఇద్దరం వాళ్లింటికి పోయాం. నల్లటి అట్ట, బంగారు రంగు అక్షరాలు. బాపు కడిగిన చేతులు మళ్లీ కడుక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు. పేజీలు మెల్లగా తిప్పుతూ పోయాడు. తన పేరు ఉన్న పేరా దగ్గర అక్క వేలు పెట్టి చూపించింది. ఆ అక్షరాల మీద ఒకసారి బొటనవేలు రాసి, తలాడించి, తర్వాతి పేజీ తిప్పాడు. గ్రాఫు వచ్చింది.

ఆయన ఆ వంకర గీత మీద ఎడమనుంచి మెల్లగా వేలు నడిపించాడు.

"గిక్కడ పలుకు వేసిన." వేలు జరిగింది. "గిక్కడ తీగ గట్టిగైంది, ఆవిరి పెంచిన. గిక్కడ సన్న పలుకు పుడ్తదని భయమైంది, జర కరిగించిన." ప్రొఫెసరుకు అరగంట పట్టిన గీతను, సూత్రమూ స్కేలూ ఏమీ చూడకుండా, ఆయన తన చేతి గీత చదువుకున్నట్టు చదువుతున్నాడు. వేలు గుంట దగ్గరికి వచ్చింది. అక్క ముందుకు వంగింది.

"గిది చాయ్."

"ఏంది బాపు?"

"పది గంటల చాయ్ బిడ్డా. వాల్వు జర దించి పోయి తాగొస్త. ముప్పై ఏండ్ల సంది గంతే." రెండో గ్రాఫు మీద వేలు పెట్టాడు. "గిది గూడ చాయే. ఆ దినం పాన్ లేటుగ ఎక్కింది గదా."

గుంట ఉడుకు టైమును బట్టి రాలేదు, గడియారాన్ని బట్టి వచ్చింది. పుస్తకాల్లో దొరకనిది అందుకే. అక్క ఆ కాగితాన్నీ బాపునూ మార్చి మార్చి చూసింది.

"నేను ఆడనే ఉన్న గదా బాపు. రెండు దినాలు కన్ను తియ్యలే."

"నువ్వు థర్మామీటర్ సూసినవ్," అన్నాడు ఆయన, ఎంతో మామూలుగా. "నన్ను సూడలే."

అవ్వ గోడ వారనుంచి ఫక్కున నవ్వింది. అక్క కూడా నవ్వడానికి కాస్త టైము పట్టింది. కళ్లు తుడుచుకుందా అంటే, తుడుచుకుంది. ఇది చూశాను, కాబట్టి రాస్తున్నాను.

తర్వాత జడలోనుంచి పెన్సిల్ తీసింది, మళ్లీ గుచ్చేసింది, నా జేబులోని పెన్ను లాక్కుంది. "కారణం తెలియలేదు" అన్నదాని కింద, అంత ఇంగ్లీషు థీసిస్‌లో ఒకే ఒక్క తెలుగు ముక్క రాసింది: "పది గంటల చాయ్. చూసినది: మా బాపు." మర్నాడు కాలేజీకి పోయి సార్ దగ్గరున్న కాపీలో రాసింది. లైబ్రరీ కాపీలో రాసింది, లైబ్రేరియన్ వద్దంటున్నా. హైదరాబాద్ ప్రొఫెసర్‌కు ఒక పోస్టుకార్డు వేసింది. అనుకొని రాశాడని తాను పేరు పెట్టి అచ్చేసిన మనిషిని, చూసినవాడని నాలుగు చోట్ల సొంత చేత్తో రాసేదాకా ఆమె కూర్చోలేదు.

లైబ్రరీ కాపీలో రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ గుంటలో నా వాటా కూడా ఉంది కదా అనిపించింది.

"అక్కా, రెండు దినాలు ఆ చాయ్ బాపుతోని నేను గూడ తాగిన. చూసినవాళ్లల్ల నా పేరు గూడ రాయి."

ఇంకు ఆరేదాకా కాగితం మీద ఊది, పుస్తకం మూసింది.

"నువ్వు తాగినవ్ తమ్మీ," అంది. "సూడలే."